9 నుంచి 1 దాకా

విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో హెల్ప్ కమాండు పక్కన టూడూ అని కొడితే చాంతాడంత ఫైలొకటి తెరుచుకుంటుంది. ఇంకా బాగుచేయని తప్పులు, జనం అడిగిన సౌకర్యాలు అందులో వరసగా ఉంటాయి. చాలావాటి చివర బ్రాకెట్లో అడిగినవాళ్ల పేరు, తేదీ. కొన్నిటికి ముందు ఒక అంకె. ఆ అంకెలకు అర్థాలు పైనే రాసి ఉంటాయి. 9 అంటే వెంటనే వచ్చే చిన్న విడుదలలో, 8 అంటే తర్వాతి విడుదలలో, 7 వీలైనంత త్వరగా, 5 చేర్చాల్సిందే, 4 ఉంటే బాగుంటుంది, 3 ఆలోచించాలి, 2 బహుశా వద్దు, 1 దాదాపుగా కుదరదు. సాఫ్ట్‌వేర్ రాసి ఉచితంగా పంచేవాళ్లు ‘ఇది కూడా పెట్టండి’ అన్న మాటకు బదులు చెప్పడం ఎలా నేర్చుకున్నారో ఎవరైనా చరిత్ర రాస్తే, ముందు ఈ పట్టికనే అచ్చువేయాలంటాను.

విమ్‌ని రాసింది నెదర్లాండ్స్‌కి చెందిన బ్రామ్ మూలెనార్. తన అమీగా కంప్యూటర్లో యూనిక్స్ వాళ్ల వీఐ లాంటి ఎడిటర్ కావాలనుకుని 1988లో పని మొదలుపెట్టారు. 1991లో అది అమీగాకి ఉచిత ప్రోగ్రాములు పంచే ఫ్రెడ్ ఫిష్ ఫ్లాపీల్లో ఒకదాని మీద బయటికొచ్చింది. వాడేవాళ్లు పెరిగేకొద్దీ కోరికలూ పెరిగాయి. 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా ఏది చేర్చాలో, ఏది వద్దో తేల్చే బాధ్యత ఆయనదే.

1994లో ఆయన ఉగాండాలోని కిబాలేలో, పిల్లల కేంద్రం దగ్గర నీటి సరఫరా, పారిశుధ్యం పనులు చూశారు. ఆ తర్వాత కూడా విమ్‌కి ధర పెట్టలేదు. నచ్చితే ఆ పిల్లలకు సాయం చేయమన్నారు. విరాళమిచ్చినవాళ్లు ముందు ఏ సౌకర్యం రావాలో ఓటు వేసే ఏర్పాటూ చేశారు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల మాట నెగ్గకుండా ఇదొక దారి.

నేను నడిపే చిన్న ప్రోగ్రాముకి కూడా ‘ఇది పెట్టండి, అది పెట్టండి’ అని ఉత్తరాలు వస్తుంటాయి. కాదని చెప్పలేక ‘చూద్దాం లెండి’ అని పంపేయడం మనకు బాగా అలవాటు. అవతలి మనిషి అది నమ్మి నెలల తరబడి ఎదురుచూస్తాడు. దానికన్నా పేరూ తేదీ రాసి, పక్కన 1 వేయడమే మర్యాద అని నా నమ్మకం.

మూలెనార్ ఇంకో పని కూడా చేశారు. విమ్ ఏది కాదో హెల్ప్‌లోనే రాసిపెట్టారు. ఇది షెల్ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. దీని లోపల షెల్ నడపడం, డీబగ్గర్‌ని ఆడించడం కుదరదు. అవి కావాలంటే విమ్‌నే వాటిలో ఒక భాగంగా వాడుకోండి అని. అందులో విసుగు లేదు, అడిగినవాణ్ని చిన్నబుచ్చడం లేదు.

అయినా మర్యాదతోనే అన్నీ సర్దుకోవు. ఎడిటర్ ఆగిపోకుండా వెనక వేరే పనులు సాగేలా థియాగో డి అరూడా అనే ప్రోగ్రామర్ పంపిన ప్యాచ్ విమ్‌లో చేరలేదు. 2014లో అరూడా విమ్ కోడునే తీసుకుని నియోవిమ్ అనే వేరే ఎడిటర్ మొదలుపెట్టారు. లైసెన్సు ఇచ్చిన హక్కే అది, తప్పుపట్టడానికి లేదు. 2016 సెప్టెంబరులో విమ్ 8.0 వెనక పనులు నడిపే ఏర్పాటుతో వచ్చింది. 2018 మేలో 8.1 టెర్మినల్ విండోని, డీబగ్గర్ నడిపే ప్లగిన్‌ని తెచ్చింది. హెల్ప్‌లోని ఆ పేరాని కూడా సవరించారు. విమ్ షెల్ కాదన్న మాట ఉంచారు. దాని పక్కన, టెర్మినల్ విండో మాత్రం ఉంది, అందులో షెల్ గానీ డీబగ్గర్ గానీ నడుపుకోవచ్చు అని చేర్చారు.