విరగ్గొట్టినవాళ్లే నిలబెట్టారు: మెటల్ స్కీ కథ

ఒక్కసారి మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. దాన్ని కొనేముందు ఎన్ని రివ్యూలు చూసుంటారు? ఫోన్ కింద పడేసే వీడియో, నీళ్లలో ముంచే వీడియో, రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి పోల్చే వీడియో. మనకి ఇదంతా టైంపాస్. కానీ ఒకడు ఉద్యోగం, దాచుకున్న డబ్బు అన్నీ పెట్టి ఒక వస్తువు తయారుచేస్తే, వాడి కళ్లముందే దాన్ని ఎవరో విరగ్గొడితే వాడికి ఎలా ఉంటుంది? ఈ రోజు కథ అదే.

ఆ వస్తువు స్కీ. మంచు మీద జారడానికి బూట్లకి బిగించుకునే పొడవాటి పలక. మనలో చాలామంది గుల్మార్గ్‌లోనో, ఔలీలోనో, లేదంటే రీల్స్‌లోనో చూసుంటారు.

1947లోకి వెళ్దాం. అమెరికాలోని బాల్టిమోర్. హోవార్డ్ హెడ్ అనే ఆయన గ్లెన్ మార్టిన్ విమానాల కంపెనీలో ఇంజనీర్. హార్వర్డ్‌లో చదువు. ఆ చలికాలం వెర్మాంట్ రాష్ట్రంలో స్టో అనే ఊరికి మొదటిసారి స్కీయింగ్‌కి వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడు? పడ్డాడు. లేచాడు. మళ్లీ పడ్డాడు. పరువు పోయింది. తిరుగు ప్రయాణంలో ఆయన అన్నదేంటంటే, తప్పు నాది కాదు, ఈ చెక్క స్కీలది, విమానాల మెటీరియల్‌తో ఇంతకన్నా మంచివి చేసి చూపిస్తా అని.

మన పెద్దవాళ్లు వింటే ఏమనేవాళ్లు? ఆడలేక మద్దెల ఓడు! కానీ ట్విస్ట్ ఏంటంటే, ఆ మద్దెల నిజంగానే ఓడు.

అప్పట్లో మంచి స్కీలంటే హికరీ అనే గట్టి చెక్కతో చేసినవి. బరువెక్కువ. చెక్క కాబట్టి తడి పీలుస్తుంది, వంకర పోతుంది. ఇంకో పెద్ద సమస్య, మలుపు తిరిగేటప్పుడు స్కీ అంచు మంచులోకి దిగి పట్టుకోవాలి. స్కీ పొడవునా కొంచెం వంగాలి, కానీ తడిగుడ్డ పిండినట్టు మెలి తిరగకూడదు. చెక్క మెలి తిరిగేది. దాంతో అంచు పట్టు తప్పేది.

హెడ్ ఐడియా సింపుల్. విమానాల్లో వాడే శాండ్‌విచ్ టెక్నిక్. పైన ఒక పల్చటి అల్యూమినియం రేకు, కింద ఇంకో రేకు, మధ్యలో తేనెపట్టు లాంటి గళ్లున్న తేలికైన ప్లాస్టిక్. వేడి, ఒత్తిడి ఇచ్చి గమ్‌తో అతికించాలి. బరువు తక్కువ, బలం ఎక్కువ. లెక్క ప్రకారం సూపర్. పేకాటలో గెలిచి దాచుకున్న 6,000 డాలర్లు చేతిలో ఉన్నాయి. 1948 మొదట్లో ఉద్యోగం మానేశాడు.

ఇప్పుడు అసలు సీన్. మొదటి ఆరు జతలు పట్టుకుని స్టో వెళ్లాడు. అక్కడి స్కీ ఇన్‌స్ట్రక్టర్లకి ఇచ్చాడు. వాళ్లు స్కీని మంచులో గుచ్చి వంచారు. ఫట్! విరిగింది. ఇంకోటి తీశారు. అదీ విరిగింది. అలా ఆరు జతలూ పోయాయి. ఒక్కొక్కటి విరుగుతుంటే తన లోపల కూడా ఏదో విరిగిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

ఫ్రెండ్స్, ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను కోడింగ్ చేసే రోజుల్లో మా టెస్టింగ్ టీమ్‌లో ఒక అక్క ఉండేది. నేను రాసిన యాప్‌ని పాత ఫోన్‌లో, బస్సులో వెళ్తూ, నెట్ సరిగ్గా రాని చోట వాడి చూసి, ఆగిపోతోంది తమ్ముడూ అని చెప్పింది. నేనేమన్నా? నా ఫోన్‌లో బానే ఉంది అక్కా. అని ఆ బగ్‌ని క్లోజ్ చేశా. రిలీజ్ అయ్యాక ఊళ్లలో వాడేవాళ్లందరికీ అదే చోట ఆగిపోయింది. ఆ అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నేనూ సారీ చెప్పలేదు. కొన్నాళ్లకి ఆమె వేరే కంపెనీకి వెళ్లిపోయింది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

హెడ్ కూడా అలాగే అనొచ్చు కదా. మీకు వాడటం రాదు, నా లెక్క కరెక్టే అని. అనలేదు. ఏది ఎక్కడ విరిగిందో చూసి, మార్చి, మళ్లీ వాళ్ల చేతికే ఇచ్చాడు. వాళ్లు మళ్లీ విరగ్గొట్టారు. తేనెపట్టు ప్లాస్టిక్ తట్టుకోలేదు, దాని బదులు ప్లైవుడ్ పెట్టాడు. అల్యూమినియం అడుగుకి మంచు అతుక్కుంది, కింద ప్లాస్టిక్ పొర వేశాడు. అంచులు మొద్దుబారాయి, స్టీల్ అంచులు బిగించాడు. ఇలా ఒకటి కాదు, రెండు కాదు, దాదాపు 40 డిజైన్లు. అన్ని పడతాయని ముందే తెలిసుంటే వదిలేసేవాడినేమో అని ఆయనే అన్నాడు.

చివరికి 1950లో న్యూ హాంప్‌షైర్‌లోని టకర్‌మన్ రవీన్ అనే నిటారు లోయలో క్లిఫ్ టేలర్ అనే ఇన్‌స్ట్రక్టర్ వాటి మీద జారాడు. ఈసారి విరగలేదు. అద్భుతంగా ఉన్నాయన్నాడు.

హెడ్ స్టాండర్డ్ అనే ఆ నల్లటి స్కీ జత ధర 85 డాలర్లు. చెక్క వాటితో పోలిస్తే చాలా ఎక్కువ. అయినా కొన్నారు. ఎందుకంటే కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా వాటితో ఈజీగా మలుపు తిరగగలిగారు. అందుకే వాటికి ‘చీటర్స్’ అని ముద్దుపేరు పడింది. అంటే ఆటలో మోసం చేసినంత సులువు అని! 1960 వింటర్ ఒలింపిక్స్ డౌన్‌హిల్ రేసులో ఫ్రాన్స్‌కి చెందిన జాన్ వువార్నే మెటల్ స్కీల మీదే గోల్డ్ కొట్టాడు. కానీ అవి హెడ్‌వి కావు, రోసిన్యోల్ కంపెనీవి. స్పీడ్‌లో హెడ్ స్కీలు గట్టి ఐసు మీద వణుకుతున్నాయని రేసర్లు కంప్లైంట్ చేస్తుండేవాళ్లు. ఆయన అదీ విన్నాడు. మధ్యలో రబ్బరు పొర పెట్టి వణుకు తగ్గించాడు.

మరి ఎప్పుడూ విన్నాడా? లేదు. 1960లలో ఫైబర్‌గ్లాస్ స్కీలు వచ్చాయి. హెడ్ మాత్రం తన అల్యూమినియం మీద నమ్మకంతో ఆలస్యం చేశాడు. 40 సార్లు తన డిజైన్‌ని తానే తీసిపారేసిన మనిషి, గెలిచాక దాన్ని వదల్లేకపోయాడు. ఈలోగా పోటీవాళ్లు ముందుకెళ్లిపోయారు. 1969లో కంపెనీని ఏఎంఎఫ్ అనే సంస్థకి 16 మిలియన్ డాలర్లకి అమ్మేశాడు.

తర్వాత టెన్నిస్ మొదలుపెట్టాడు. అక్కడా సరిగ్గా ఆడలేకపోయాడు, అక్కడా రాకెట్‌నే అనుమానించాడు. ఆయన కనిపెట్టిన పెద్ద తలకాయ రాకెట్‌కి 1976లో పేటెంట్ వచ్చింది. ఈ రోజు టెన్నిస్ ఆడేవాళ్ల చేతిలో పాతకాలం చిన్న రాకెట్ కనిపించదు కదా, దానికి మొదలు అది.

సో ఫ్రెండ్స్, మద్దెల ఓడు అని ఎవరైనా అంటారు. కొత్త మద్దెల చేసి, వాయించడం వచ్చినవాళ్ల చేతికిచ్చి, పగలగొట్టి చూడండి అనడమే కష్టం. ఒకసారి మెప్పు వచ్చాక మళ్లీ ఆ మాట అనడం ఇంకా కష్టం. మీ పనిలో తప్పు చూపించిన మనిషి ఎవరైనా గుర్తొస్తే ఈ రోజే ఒక మెసేజ్ పెట్టండి. నేనైతే ఈ ఎపిసోడ్ లింక్‌ని ముందుగా ఆ అక్కకి పంపిస్తున్నా. సారీతో పాటు. మళ్లీ కలుద్దాం, బై!