ఏటి బంగారం, చేపల ఆవాసం: వాషింగ్టన్ రాష్ట్ర నియమాలు

అమెరికా వాయవ్య తీరంలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వాగులు, నదుల అడుగున చేతి పనిముట్లతో బంగారం వెతికేవారు పాటించవలసిన నిబంధనలను అక్కడి మత్స్య, వన్యప్రాణి శాఖ ‘గోల్డ్ అండ్ ఫిష్’ అనే చిన్న పుస్తకంగా ప్రచురిస్తున్నది. అందులోని షరతులకు లోబడి చేసే పనికి ఆ పుస్తకమే అనుమతిపత్రం. విడిగా దరఖాస్తు అక్కరలేదు గాని, పని జరిగే చోట దాని ప్రతి ఒకటి తప్పక ఉండాలి. ఏటి గర్భాన్ని గాని ప్రవాహాన్ని గాని మార్చే పనులకు ముందస్తు అనుమతి పొందాలన్న చట్టం ఆ రాష్ట్రంలో 1943 నుంచి అమలులో ఉన్నది.

కొండరాయి అరిగి విడివడిన బంగారు రేణువులు నీటితో కొట్టుకువచ్చి కంకరలో నిలిచిపోతే ఆ నిక్షేపాన్ని ‘ప్లేసర్’ అంటారు. ఈ రాష్ట్రంలోని స్వాక్ వాగులో 1873లో బయటపడినది ఇటువంటి బంగారమే. రేణువులు బరువైనవి కనుక బండల చాటున, అడుగు రాతి పగుళ్లలో చేరుతాయి. బియ్యంలో రాళ్లు గాలించినట్టే, కంకరను పళ్లెంలో వేసి నీటిలో తిప్పుతూ తేలికైన ఇసుకను జారవిడిస్తే బంగారం అడుగున మిగులుతుంది.

చిక్కంతా ఆ కంకర చేపలకు పురిటిల్లు కావడంలోనే ఉన్నది. ఆడ సాల్మన్ తోకతో కంకరను తొలిచి గుంత చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ కంకరతోనే కప్పివేస్తుంది; ‘రెడ్’ అని పిలిచే ఈ గూటిలో గుడ్లు శీతకాలమంతా ఉండి, పొదిగిన పిల్లలు కూడా పచ్చసొన సంచి కరిగేదాకా రాళ్ల సందుల్లోనే దాగి ఉంటాయి. సందుల గుండా పారే నీరే వాటికి ప్రాణవాయువు అందిస్తుంది కనుక, ఎగువన ఒకరు రేపిన ఒండ్రు దిగువన పేరుకుంటే, గూటిని ఎవరూ ముట్టకపోయినా గుడ్లు ఊపిరాడక చనిపోతాయి. ఈ హాని పైకి కనిపించదు. అందుకే నిబంధనలలో కాలనియమానిదే ప్రధాన స్థానమని చెప్పాలి. గుడ్లు, పిల్లలు కంకరలో లేని రోజులను ఒక్కో వాగుకూ, నదికీ విడివిడిగా లెక్కగట్టి, పలు పనులను ఆ గడువుకే పరిమితం చేశారు. గడువులోనైనా గుడ్లు గాని పిల్లలు గాని కనబడితే అక్కడ పని ఆపివేయవలసిందే.

గట్టును లోపలికి తొలచడం, ఒడ్డున వేరూనిన చెట్లను కదపడం నిషిద్ధం. పడిన మాను చేపకు నీడ, దాపు గనుక దానిని కూడా తీయరాదు. తవ్విన గుంతను వెళ్లేముందు పూడ్చాలి. పూడ్చక వదిలిన వదులు కంకర కుప్పను చూసి సాల్మన్ అక్కడే గుడ్లు పెడితే, శీతకాలపు వరదకు కుప్పతో పాటు గూడూ కొట్టుకుపోతుంది. పాదరసం వాడకం పూర్తిగా నిషిద్ధం: అది నీటి అడుగున సూక్ష్మజీవుల వల్ల మిథైల్ పాదరసంగా మారి, చేపల ద్వారా మనుషుల శరీరంలోకి చేరుతుంది.

అన్నిటికంటే పెద్ద వివాదం ‘సక్షన్ డ్రెడ్జ్’ చుట్టూ నడిచింది. మోటారు బలంతో అడుగు కంకరను గొట్టంలోకి పీల్చి, బంగారం నిలిచే గాడుల పెట్టె మీదుగా పారించి, మిగిలినదాన్ని తిరిగి ఏటిలోనే వదిలే యంత్రమిది. కాలిఫోర్నియా 2009లోనే దీనిని నిలిపివేసింది. వాషింగ్టన్ 2020 చట్టంతో, అంతరించే ప్రమాదమున్న జాతులుగా సమాఖ్య ప్రభుత్వం గుర్తించిన సాల్మన్, స్టీల్‌హెడ్, బుల్ ట్రౌట్ చేపల కీలక ఆవాస జలాల్లో మోటారుతో నడిచే తవ్వకాన్ని నిషేధించి, ఇతర జలాల్లో ప్రత్యేక అనుమతిని తప్పనిసరి చేసింది. చేతి పళ్లేనికి ఈ నిషేధం వర్తించదు. అభిరుచిగా బంగారం వెతికేవారికి ఏటిని మూసివేయకుండా, హాని ఎక్కువగా చేసే యంత్రాన్ని మాత్రమే తొలగించిన ఈ విభజన సమంజసమైనదే.

పుస్తకం ఇచ్చేది నీటిలో పని చేసే అనుమతి మాత్రమే. ఆ నేల ప్రైవేటు ఆస్తి అయితే యజమాని సమ్మతి, అప్పటికే ఇతరులకు గని హక్కు నమోదై ఉంటే ఆ హక్కుదారు సమ్మతి వేరుగా తీసుకోవాలి.