పని బల్ల (వడ్రంగం)

చేతి పనిముట్లతో పనిచేసే వడ్రంగులు వాడే బరువైన బల్ల. తెలుగునాట వడ్రంగి నేల మీద కూర్చుని, చెక్కను పాదంతో అదిమిపట్టి ఉలి ఆడించడం పాత పద్ధతి. నిలబడి చిత్రిక పట్టేవారికి ఆ పాదం పని బల్లే చేయాలి. ఫ్రెంచి వడ్రంగి ఆండ్రే రూబో 1769 నుంచి వెలువరించిన గ్రంథంలోని నమూనాకు నేటికీ ఆదరణ ఉంది: మందపాటి పలక, దాని అంచుకు సమంగా నిలిచే కాళ్లు, బెజ్జాల్లో దిగేసిన బిగువైన అతుకులు. ఒట్టి మేకులతో నిలబెట్టింది చిత్రిక తోపుకు నాలుగు రోజుల్లో ఊగుతుంది.

అమెరికాలో, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్ ప్రాంతంలో ఇలాంటి బల్ల చేసుకునేవారికి గట్టి మేపుల్ కలప అనువైనది. అయితే చలికాలపు హీటర్ల పొడిగాలికి పలక వెడల్పులో కుంచించుకుని, వేసవి తేమకు ఉబ్బుతుంది. పలక కింద అడ్డపట్టీలు వేస్తే మరల రంధ్రాలను కాస్త కోలగా తొలచాలి. లేదంటే పలక పగులుతుంది. చిత్రిక పనికి బల్ల ఎత్తు, వేలాడేసిన చేతి మణికట్టు కంటే కాస్త కిందికి ఉంటే నడుము నొప్పెట్టదు.