మన చెరువులు – వాని లెక్కలు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండినవి. ఈ రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదని కార్యనిర్వాహకులు నన్ను కోరిరి. రాజవంశముల చరిత్ర వ్రాయుటకు పండితులు పలువురు గలరు. గ్రామ లెక్కలు వ్రాయుట వృత్తిగాగల నాకు కొంత పరిచయమైన చరిత్ర చెరువులది, వాని లెక్కలది. కావున ఆ రెంటిని గూర్చియే నాలుగు మాటలు విన్నవించుకొందును. చెరువును కట్ట నిలుపును. కట్టను లెక్క నిలుపును. ఈ మాట యెంతవరకు నిజమో మన సీమ చరిత్రనే అడిగి చూతము.

మన సీమ వానకు పేద. ఏడాది మొత్తమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియును. ఆ కురియునదియు కొలది దినములలోనే కురిసిపోవును. మన చిత్రావతి చిక్కబళ్ళాపురము ప్రాంతపు కొండలలో పుట్టి, బాగేపల్లి మీదుగా మన వైపునకు వచ్చి, బుక్కపట్నము, ధర్మవరము చెరువులకు నీరిచ్చుచు, గండికోట చెంత పెన్నలో గలియును. పేరునకు నదియే గాని సంవత్సరమున పెక్కు నెలలు కంటికి కనబడునది ఇసుకయే. నాలుగు దినములు వచ్చిన నీటిని నాలుగు నెలలకు దాచుకొనుటయే ఇచటి సేద్యమునకు మూలము. దాచుకొనువాడు లెక్క చూచుకొనక తప్పదు.

ఈ లెక్క నిన్న మొన్నటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధాన్యాగారమునందు మూరెడు వెడల్పు మూతిగల కుండమునుంచి వానను కొలువవలెనని విధింపబడినది. జాంగల దేశమునకు పదునాఱు ద్రోణములు, అవంతికి ఇరువదిమూడు ద్రోణములు అని దేశముల వారీగా వర్షప్రమాణములును అందు చెప్పబడినవి. వాన ఎక్కువో తక్కువో చూచి, ఎక్కువ నీరు కోరు పైరో తక్కువ నీరు కోరు పైరో విత్తవలెనని ఆయన మతము. అంతేకాదు, అయిదేసి లేక పదేసి గ్రామములకు 'గోపుడు' అను లెక్కరి యొకడు ఉండవలెను. పొలిమేరలు, మెట్టలు, పల్లములు, తోటలు, చెరువు కట్టలు, దారులు మున్నగునవన్నియు అతడు లెక్క వ్రాయవలెను. నావంటి వారికి అతడే మూలపురుషుడని చెప్పవచ్చును.

విజయనగర ప్రభువుల కాలమున మన సీమలో నీటి విద్య మిక్కిలి వర్ధిల్లినది. అనంతపురము చెరువును 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు కట్టించెనని ప్రసిద్ధి. 1388 నాటి శాసన మొకటి మనకు మరింత దగ్గఱిది. హరిహర రాయల కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుగొండలో నుండి, హెన్నె నదిని, అనగా మన పెన్నను, పెనుగొండకు తీసికొని రావలసినదని పది విద్యలలో ఆరితేఱిన జలసూత్రజ్ఞుడు సింగాయభట్టును ఆజ్ఞాపించెను. సింగాయభట్టు సిరువేర చెరువు వఱకు కాలువ త్రవ్వించి, దానికి ప్రభువు పేరు పెట్టి, ఆ సంగతి శిల మీద వ్రాయించెను. ఆ శిల మన పొరుగున గౌరీబిదనూరు తాలూకాలో దొరకినది. కాలువ త్రవ్వినవాని పేరు సహితము శిలకెక్కుట గమనింపదగిన విషయము. ఈ పని ఎవరు చేసిరి, ఎవరి ఆజ్ఞపై చేసిరి, ఎచటినుండి ఎచటికి చేసిరి అని తరువాతి తరమువారు అడిగినచో జవాబు అచటనే యున్నది.

నీటి శాసనములలో పోరుమామిళ్ళ శాసనము మిక్కిలి గొప్పది. కడప జిల్లాలోని ఆ చెరువును 1369లో బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవని శాసనము చెప్పుచున్నది. అంతటితో ఆగక, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తగనట్టి ఆఱు దోషములను వరుసగా చెప్పినది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్రమెరిగిన విప్రుడు, గట్టి బంకనేల, దూరమునుండి మంచినీరు తెచ్చు నది, కట్టకు ఇరువైపుల ఆనుకొను కొండ, పొడవు మితమై దిట్టమైన రాతికట్ట, లోతుగల విశాలమైన గర్భము, దగ్గఱలో మంచి రాతిగని, చదునైన ఫలవంతమగు పొలము, పనితనముగల కూలివారు మొదలగునవి సాధనములు. కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట, నేల కొంచెమై నీరు విస్తారమగుట అనునవి ఆఱు దోషములు.

వీనిలో కడపటి రెండును శుద్ధముగా లెక్కకు సంబంధించినవి. వచ్చు నీరెంత, తడియవలసిన నేల యెంత అని ముందుగా కొలిచి చూచినవాడు మాత్రమే ఆ మాట వ్రాయగలడు. పోరుమామిళ్ళలో ఈ శాసనమును భైరవాలయము ముందు రెండు రాతిపలకల మీద నిలిపిరి. వచ్చిపోవు వారందఱకును అది కనబడుచుండెను. కాని సంస్కృతమున నుండుటచే రైతులలో దానిని చదువగలవారు కొలదిమందియే యుండిరి. లెక్క బహిరంగమైనను భాష మఱుగున పడినది. ఈ లోపమును మనము మఱవరాదు.

శిల మీద వ్రాసినది చెరువు పుట్టుక. ఏటేట జరుగు సంగతులు కరణముల కవిలె కట్టలలో నుండెడివి. ఏ మడికి ఏ తూము నీరు, నీరుగంటికి ఎంత మాన్యము, పూడిక ఎప్పుడు తీసిరి అను విషయములు కవిలెలయందే తెలియవలెను. చెరువు త్రవ్వించినవారికి, మరమ్మతు చేయించువారికి దశబంధము అను మాన్యము నిచ్చు ఆచారము మన సీమలో బహు ప్రబలముగ నుండెడిది. లెక్క సరిగా నున్నచోట మాన్యము తినువాడు కట్టను కాచెను. లెక్క చెదరినచోట మాన్యము అనుభవించుచు మరమ్మతు మఱచినవారును లేకపోలేదు.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వఱకు ఇచట నుండి పొలము పొలమును కొలిపించెను. ఆ కాలముననే కల్నల్ మెకంజీ కావలి సోదరుల వంటి తెలుగు పండితుల సాయమున గ్రామ గ్రామపు కైఫీయతులను వ్రాయించెను. కరణముల దండకవిలెలను చూచి వ్రాసికొన్నవి అందు పెక్కు. ఏ చెరువు ఎవరు కట్టించిరో నేడు మనము చెప్పగలుగుచున్నామన్న అందు కొంత ఆ కైఫీయతుల చలువయే. అవి చేరని గ్రామముల కవిలెలు ఎలుకల పాలు, చెదల పాలు అయినవి.

1876–78 నాటి ధాత కరువును మన పెద్దలు కథలుగా చెప్పుకొనెడివారు. ఆ కరువు తరువాత ఏర్పడిన క్షామ విచారణ సంఘము 1880లో తన నివేదిక సమర్పించెను. కరువు వచ్చిన పిదప దేశము తిరిగి విచారించుట చాలదనియు, పంటల స్థితిని ఎప్పటికప్పుడు తెలిసికొనవలెననియు, అందులకు గ్రామ లెక్కరుల లెక్కలు బాగుపడవలెననియు ఆ సంఘము తలచెను. గంజి కేంద్రము ఎచట పెట్టవలెనో తెలియుటకు మునుపే వంట లేని యిండ్లు ఏవో తెలియవలెను గదా! పిదప 1883లో చెన్నపట్టణపు ప్రభుత్వము చెరువుల పునరుద్ధరణ పథకము నారంభించి, ఒక్కొక్క చెరువునకు కట్ట పొడవు, తూము మట్టము, మరువ మట్టము, నీరు చేరు ప్రాంతము, ఆయకట్టు మున్నగు వివరములు వ్రాయించినది. మంచి పనియే. కాని ఆ దస్త్రములు ఇంగ్లీషులో నుండి, కచేరీ బీరువాలలో నుండెను. రైతునకు తన చెరువు లెక్క తెలియవలెనన్న అర్జీ వ్రాయించుకొనవలసి వచ్చెను.

పోరుమామిళ్ళ శాసనము చెప్పిన మూడవ దోషము మన చిత్రావతికిని తగిలినది. నది పుట్టినది ఒక రాజ్యము, పారునది మఱియొక రాజ్యము. 1892 ఫిబ్రవరి 18న మైసూరు, చెన్నపట్టణపు ప్రభుత్వములు ఒక ఒడంబడిక చేసికొన్నవి. అందు పేర్కొనబడిన నదులలో ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని యున్నవి. ఎగువవారు క్రొత్త జలాశయము కట్టదలచినచో దాని పూర్తి వివరములు ముందుగా దిగువవారికి తెలిపి సమ్మతి పొందవలెనను నియమము అందు గలదు. సమ్మతికి ముందు సమాచారము అను క్రమమే ఈ నియమమునకు ప్రాణము. 2003లో బాగేపల్లి చెంత పరగోడు కడ చిత్రావతిపై కట్టిన ఆనకట్టను గూర్చి రెండు రాష్ట్రములకును వాదము పెరిగినప్పుడు, నూటపదకొండేండ్ల నాటి ఈ కాగితమే మరల చర్చకు వచ్చెను.

ఇక నేను కన్నులార చూచిన ముచ్చట యొకటి. పేరు చెప్పనక్కఱలేని ఒక గ్రామమున చెరువునకు నీరు తెచ్చు వంక కాలువ క్రమముగా పొలములలో కలిసిపోయెను. అది కాలువయే యని కొందఱు, బండిదారి యని కొందఱు తగవులాడిరి. విచారణకు అధికారి వచ్చెను. ఇరుపక్షములవారును ముసలివారిని సాక్షులుగా తెచ్చిరి. ఎవరి ముసలివారు వారి పక్షమే చెప్పిరి. తుదకు ఒక పాత పెట్టెలోని రిజిస్టరు బయటపడెను. అందు ఆ కాలువ నెంబరు, వెడల్పు, చేరు చెరువు పేరు స్పష్టముగా నుండెను. అరగంటలో తగవు తీఱెను. అందఱును సంతోషించిరి గాని, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ పుస్తకము ఇరువదియేండ్లుగా ఆ పెట్టెలోనే యున్నది. ఆ ఇరువదియేండ్లును ఆ చెరువు నిండలేదు. ఆ ఆయకట్టు రైతులలో కొందఱు బెంగుళూరునకు కూలికి పోయిరి. లెక్క లేక వారు చెడలేదు. ఉన్న లెక్క మావంటివారి పెట్టెలలో నుండుటచే చెడిరి. 1984లో మన రాష్ట్రమున గ్రామాధికారుల పారంపర్య పద్ధతి రద్దయినది గాని, పెట్టెకు తాళము వేయు అలవాటు అంత శీఘ్రముగా పోలేదు. నా వృత్తివారి తప్పును నేనే చెప్పుట న్యాయమని చెప్పితిని.

ఇటీవలి కాలమున ఈ తాళము కొంత సడలినది. 2003 మొదలు కొన్ని యేండ్లు అనంతపురముతో గూడ ఏడు కరవు జిల్లాలలో, నెదర్లాండ్సు ధనసాయముతోను ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ చేయూతతోను, రైతులే భూగర్భజలమును కొలుచు పని సాగెను. ప్రతిదినము వాన కొలుచుట, పక్షమున కొకసారి బావులలో నీటిమట్టము కొలుచుట, ఆ అంకెలను ఊరి నడుమ పలక మీద వ్రాయుట ఆ పద్ధతి. రబీకి ముందు ఊరివారు కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత అని కూడిక తీసివేతలు చేసెడివారు. ఫలానా పైరు వేయవద్దని ఎవరును శాసింపలేదు. లెక్క చూచి పలువురు వరి తగ్గించుకొనిరి. కౌటిల్యుని కుండము రెండువేల యేండ్లకు రైతు చేతికి వచ్చినట్లయ్యెను.

విచారణ విషయమునను ఇట్టి మార్పే కలిగినది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము మన అనంతపురము జిల్లా బండ్లపల్లెలోనే ప్రారంభమయ్యెను. దాని వెంట మన రాష్ట్రమున సామాజిక తనిఖీ వచ్చెను. పూడిక ఎన్ని ఘనపు మీటర్లు తీసిరో, కూలి ఎవరెవరికి ముట్టెనో ఊరి సభలో పేరుపేరున చదివిరి. పని చేయని పేరు వినబడినప్పుడు లేచి అడుగుటకు అక్షరజ్ఞానము అక్కఱలేకపోయెను. వినుటకు చెవులున్న చాలును. 2005 నాటి సమాచార హక్కు చట్టము దానికి బలమిచ్చెను.

ఇప్పుడు వానమట్టములు, భూగర్భజల మట్టములు, జలాశయముల నిలువలు యంత్రములే కొలిచి తెర మీద చూపుచున్నవి. కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రకటించిన జలవనరుల గణనలో దేశమంతట 24 లక్షలకు పైగా చెరువులు, కుంటలు మున్నగునవి లెక్కకు వచ్చినవి. మన రాష్ట్రమునవే లక్షా తొంబదివేలకు పైబడినవి. ఇంతటి సమాచారము ఏ చక్రవర్తికిని లేకుండెను. అయినను, సంస్కృతమునగల శిల, ఇంగ్లీషులోగల దస్త్రము ఏల పనికిరాక పోయెనో, చూడనివానికి ఈ తెరయు అందువలననే పనికిరాకుండును. పైగా యంత్రము నీటి మట్టము చెప్పును గాని, వంక కాలువను ఎవరు దున్నుకొనిరో చెప్పదు. అది ఊరివారు చూచి వ్రాయవలసినది.

కావున మన గ్రంథాలయ సభ్యులకు నాదొక విన్నపము. భారత భాగవతముల ప్రక్కన 'నీటి పుస్తకము' అని యొకటి ఉంచుదము. మన చెరువుల పాత వివరములు సంపాదించి తెలుగున అందు వ్రాయుదము. వాన పడిన దినమున వాన, నెలకొకసారి ఎంపిక చేసిన నాలుగు బావుల మట్టము, చెరువు నిండిన తేది, మరువ పారిన తేది, పూడిక తీసిన వివరము అందు చేర్చుదము. బడిపిల్లలు కొలిచి తెత్తురు, వ్రాయుటకు నేనుందును. ప్రతి ఉగాదికి పంచాంగ శ్రవణమైన వెంటనే ఆ పుస్తకమును అందఱును వినునట్లు చదువుదము. దానికి తాళము వలదు. ఇంకొక ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుగును. ఆనాటి సంచికకు మన చెరువుల చరిత్ర వ్రాయబూనువాడు పాత పెట్టెలు వెదుకుకొనక, తిన్నగా మన గ్రంథాలయపు మెట్లెక్కి వచ్చుగాక.