హేరా: కథల్లో ఒకలా, గుడిలో ఒకలా

ఈసారి గ్రీకు చరిత్ర. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

హేరా అంటే ప్రాచీన గ్రీకుల పెళ్ళి దేవత, కుటుంబ దేవత. దేవతల రాజు జ్యూస్ భార్య. మేము చదివిన కథల పుస్తకాల్లో ఆమెకు ఒకటే పని, అసూయ పడటం. జ్యూస్ ఎవరెవరి వెంటో పోతాడు, ఈమె ఆ ఆడవాళ్ళ మీద, వాళ్ళ పిల్లల మీద పగ తీర్చుకుంటది. హోమర్ ఇలియడ్‌లో అయితే, కాళ్ళకు కమ్మరి దాగలి కట్టి నిన్ను ఆకాశంలో వేలాడదీసింది మర్చిపోయావా అని జ్యూస్ బెదిరిస్తాడు. పెళ్ళిళ్ళు కాపాడే తల్లికి సొంత ఇంట్లో ఈ గతి!

మన దేవతల గురించి బయటివాళ్ళు రాసింది చదివినప్పుడు వచ్చే డౌటే మాకు ఇక్కడా వచ్చింది. కథ రాసింది ఎవరు, పూజ చేసింది ఎవరు?

పూజ వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతది. ఒలింపియాలో హేరా గుడి క్రీ.పూ. 600 ప్రాంతంలో కట్టారు. అక్కడ జ్యూస్ పెద్ద గుడి లేచింది ఆ తర్వాత వందేళ్ళు దాటాకే. నాలుగేళ్ళకోసారి హేరా పేరు మీద పెళ్ళికాని అమ్మాయిలకు పరుగు పందేలు పెట్టేవాళ్ళు, నడిపించేది 16 మంది ఆడవాళ్ళు. గెలిచిన పిల్లకు ఆలివ్ కొమ్మల కిరీటం, బలిచ్చిన ఆవు మాంసంలో వాటా. ఇప్పటికీ ఒలింపిక్ జ్యోతిని వెలిగించేది ఆ గుడి శిథిలాల ముందే.

స్టింఫాలస్ అనే ఊళ్ళో హేరాకు మూడు గుళ్ళు ఉండేవని పౌసానియస్ అనే యాత్రికుడు రాశాడు. ఒకటి కన్నెపిల్లగా, ఒకటి పెళ్ళైన ఇల్లాలిగా, మూడోది విధవగా. జ్యూస్‌తో గొడవపడి ఆ ఊరికి వచ్చేసినప్పుడు మూడో పేరు పెట్టారట. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడమనిషికీ అదే దేవత గుడి ఉందన్నమాట. మాకు బాగా నచ్చింది ఇదే. అలాగని గ్రీకు ఆడవాళ్ళు సుఖంగా ఉన్నారనుకోవద్దు. ఏథెన్స్‌లో పెళ్ళి తండ్రి నిర్ణయం, ఆడవాళ్ళకు ఓటు లేదు.

ఆర్గోస్ సంగతి ఇంకా వింత. అక్కడ ఏళ్ళు లెక్కపెట్టేది హేరా పూజారిణి పేరుతో. క్రీ.పూ. 431లో పెద్ద యుద్ధం మొదలైన ఏడాదిని తుసిడైడిస్ ఎలా చెప్పాడో చూడండి: ఆర్గోస్‌లో క్రైసిస్ పూజారిణి అయిన 48వ ఏడు. స్పార్టా, ఏథెన్స్ అధికారుల పేర్లు ఆమె తర్వాతే వస్తాయి.

క్రీ.పూ. 423లో ఆ క్రైసిస్ పూలదండల పక్కన దీపం పెట్టి నిద్రపోయింది. గుడి మొత్తం కాలిపోయింది. అప్పటికి 56 ఏళ్ళు దాటిన సేవ, అంటే ముసలామె. ఊరివాళ్ళకు భయపడి ఆ రాత్రే ఫ్లియస్ అనే ఊరికి పారిపోయింది. ఆర్గోస్ వాళ్ళు వేరే పూజారిణిని పెట్టుకున్నారు, కానీ క్రైసిస్ విగ్రహాన్ని మాత్రం తీసెయ్యలేదు. ఐదు వందల ఏళ్ళు దాటాక పౌసానియస్ వచ్చినప్పుడు కూడా, కాలిన గుడి ముందు అది అలాగే నిలబడి ఉంది.