నక్కవాగు నుంచి మూసీకి

హైదరాబాద్ పొలిమేరలోని పటాన్‌చెరులో 1970వ దశకంలో పారిశ్రామికవాడ వెలిసింది. వెనుకబడిన ప్రాంతానికి ఉపాధి అన్నది నాటి వాగ్దానం. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ప్రధాని నియోజకవర్గమన్న పేరు కూడా వచ్చింది. ఔషధ, రసాయన కర్మాగారాల వ్యర్థజలం మాత్రం నక్కవాగులోకి, కాజిపల్లి వంటి ఊళ్ల చెరువుల్లోకి చేరి, నేలలోకి ఇంకింది. బావులు చెడ్డాయి, పొలాలు పాడయ్యాయి. డాక్టర్ అల్లాని కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు.

1990లో వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కోర్టు ఆదేశాలతో రైతులకు కొంత పరిహారం, కొన్ని గ్రామాలకు బయటి నుంచి తాగునీరు దక్కాయి. 1994లో ఉమ్మడి శుద్ధికేంద్రం వచ్చింది. అది శుద్ధి చేశామని వదిలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్నదని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలోనూ అంత ఉండదు! రెండేళ్ల తరువాత వెలువడిన అధ్యయనం చుట్టుపక్కల బావుల్లోనూ మందుల అవశేషాలను చూపింది.

చివరకు కనుగొన్న ఉపాయం 18 కిలోమీటర్ల గొట్టం. శుద్ధికేంద్రపు నీటిని నగరపు మురుగు కాలువలో కలిపి, అంబర్‌పేట మీదుగా మూసీకి మళ్లించారు. నక్కవాగు మంజీరలో కలిసి గోదావరికి చేరుతుంది. మూసీ కృష్ణలో కలుస్తుంది. అంటే ఒక నదీ పరీవాహకపు విషం మరో పరీవాహకానికి బదిలీ అయింది. అప్పటికే పటాన్‌చెరు నేలలోకి ఇంకినదాన్ని ఆ గొట్టం తాకలేదు.