‘కాఫిర్’ శబ్దం: ఆచ్ఛాదనం నుండి అభియోగం వరకు

‘కాఫిర్’ పదానికి తెలుగులో ‘అవిశ్వాసి’, ‘సత్యతిరస్కారి’ అనే సమానార్థకాలు స్థిరపడ్డాయి. కొందరు ‘నాస్తికుడు’ అని కూడా అంటారు. చివరిది సరికాదు. మొదటి రెండూ తప్పు కావు గాని, ఆ పదం నడిచివచ్చిన దారిని చూపవు.

అరబ్బీలో క-ఫ-ర ధాతువుకు ‘కప్పు’ అని మూలార్థం. విత్తనాన్ని మట్టితో కప్పేవాడు గనుక సేద్యగాడు కూడా కాఫిరే. ఖురాన్ 57వ అధ్యాయం 20వ వాక్యంలో వానకు ఎదిగిన పైరును చూసి మురిసేవారిని ‘కుఫ్ఫార్’ అనే బహువచనంతో పేర్కొన్నారు. అక్కడ పలువురు వ్యాఖ్యాతలు రైతులనే అర్థం చెప్పారు. పాపపరిహారాన్ని తెలిపే ‘కఫ్ఫారా’ కూడా ఈ ధాతుజన్యమే.

పొందిన మేలును కప్పిపుచ్చడం కృతఘ్నత. కీలకమైన అర్థవిస్తరణ ఇదే. ఖురాన్‌లో ‘కుఫ్ర్’ పలుచోట్ల ‘షుక్ర్’కు, అనగా కృతజ్ఞతకు, ప్రతియోగిగా వస్తుంది (14:7). తన ఇంట పెరిగిన మూసాను ఫిరౌను దెప్పిపొడిచిన సందర్భంలోనూ (26:19) ఈ శబ్దమే ఉంది. తిన్న ఉప్పు మరిచావన్న నిష్ఠూరమే అక్కడ ధ్వనిస్తుంది. ఖురాన్ నైతిక పదజాలాన్ని పరిశోధించిన జపాన్ పండితుడు తోషిహికో ఇజుత్సు ఈ పరిణామాన్ని విపులంగా చర్చించాడు. ఇక మక్కా ప్రత్యర్థులు సృష్టికర్త లేడన్నవారు కారు. భూమ్యాకాశాలను సృష్టించినదెవరని అడిగితే వారు అల్లాహ్ అనే అంటారని ఖురానే చెబుతుంది (29:61). కనుక ఆధునికార్థంలో ‘నాస్తికుడు’ ఇక్కడ పొసగదు. వేదనిందకుణ్ణి నాస్తికుడన్న మనుస్మృతి ప్రయోగమైతే కొంత దగ్గరగా వస్తుంది.

ఈ పదం పదునెక్కింది పరమతస్థులపై కాదు, ముస్లిముల మధ్యనే. 657లో సిఫ్ఫీన్ యుద్ధానంతరం మధ్యవర్తిత్వానికి అంగీకరించిన అలీని ఖారిజీలు కాఫిర్ అన్నారు. 661లో వారిలో ఒకని చేతిలోనే ఆయన హతుడయ్యాడు. తోటి ముస్లిమును కాఫిరుగా ప్రకటించే ‘తక్ఫీర్’ అప్పటినుండి తెగని వివాదం. ఈ విషయంలో అల్ గజాలీ (మరణం 1111) వైఖరి ఆసక్తికరం. ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో ఆయనే తత్త్వవేత్తలపై మూడు సిద్ధాంతాల విషయంలో కుఫ్ర్ ఆరోపించాడు. తరువాత ‘ఫైసలుత్ తఫ్రిఖా’లో, కిబ్లావైపు తిరిగి ప్రార్థించేవారిపై ఈ ముద్ర వేయడానికి తొందరపడవద్దని హెచ్చరించాడు. దీనిని వైరుధ్యమనడం కంటే, ఆ ముద్రకు హద్దులు గీసే యత్నమనడం న్యాయమని నా అభిప్రాయం. ఆనాటి ధర్మశాస్త్రంలో అది ప్రాణానికి, వారసత్వానికి, వివాహబంధానికి సంబంధించిన తీర్పు.

పారసీక, ఉర్దూ గజళ్లలో కనికరించని ప్రేయసి కూడా కాఫిరే. అక్కడ నింద ముద్దుమాటగా మారింది. ఆఫ్రికాలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. తూర్పుతీరపు అరబ్బు వర్తకుల నుండి పోర్చుగీసులు గ్రహించిన ఈ మాట దక్షిణాఫ్రికాలో నల్లజాతీయులపై తీవ్రమైన దూషణగా స్థిరపడింది. క్రైస్తవం స్వీకరించినవారిని సైతం తెల్లవారు ఆ మాటతోనే పిలిచారు.